తెరవక్కర్లేని సంచి

నా వెనకాల అందరూ నన్ను రూళ్ళకర్ర అంటారని నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా కారు నడపడం నేర్పుతున్నాను. సిగ్నలు దగ్గర గీత దాటి జానెడు ముందుకి వెళ్ళినా ఒప్పుకోను. ఖాళీ రోడ్డయినా సరే, ఇండికేటరు వేయకుండా మలుపు తిప్పితే ఆ రోజుకి పాఠం అక్కడితో సరి. ఆ పేరు ఎగతాళికి పెట్టిందే. అయినా, ఉన్నమాట చెప్పాలంటే, ఆ ఎండాకాలం దాకా నేను దాన్ని బిరుదులాగే మోసుకు తిరిగాను.

ఇంట్లో ఆ పేరుతో నన్ను ఎదురుగా పిలిచే ధైర్యం ఒక్క మా బావమరిదికే ఉండేది. మా ఆవిడ తమ్ముడు. పెద్దాసుపత్రిలో, ఆపరేషన్లు అయినవాళ్ళని పడుకోబెట్టే వార్డులో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. తల్లికి జబ్బు చేసినప్పటినుంచి ఆవిడతోపాటు మా ఇంట్లోనే ఉంటున్నాడు.

"బావా, మీరు నిద్రలో పక్కకి తిరిగేటప్పుడు కూడా ఇండికేటరు వేస్తారటగా? అక్క చెప్పింది."

"వేయకపోతే మీ అక్క వచ్చి గుద్దుతుందోయ్."

ముందుగదిలో మంచం మీద మా అత్తగారు నవ్వేది. నవ్విన మరుక్షణం నడుము పట్టుకుని మూలిగేది. జబ్బు ఎముకల్లోకి పాకింది, ఇక తగ్గేది కాదు, నొప్పి లేకుండా చూసుకోండి అని డాక్టర్లు చేతులెత్తేశారు. చలికాలమంతా ఆవిడ మూలుగు వింటూనే అన్నాలు తిన్నాం. ఎండలు మొదలయ్యాక ఎందుకో నెమ్మదించింది. మధ్యాహ్నాలు నిద్రపోయేది, లేచి కూర్చుని కిటికీలోంచి వీధిలోకి చూసేది, "అల్లుడుగారూ, మీ శిష్యురాలు ఇవాళ కూడా మన గోడని గుద్దబోయింది" అని ఫిర్యాదు చేసేది. డాక్టరు మార్చిన మాత్రలు పనిచేస్తున్నాయని నేను అందరికీ చెప్పాను. ఆ మాత్రలు ఎవరిస్తున్నారో, ఎప్పుడిస్తున్నారో మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

బావమరిది డ్యూటీ సాయంత్రం ఆరింటికి దిగేది. నా ఆఖరి పాఠం కూడా ఆ వేళకే అయ్యేది. ఆసుపత్రి గేటు దగ్గర ఎక్కించుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. నేర్పే కారు కాబట్టి పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. వాడు ఆ సీట్లో కూర్చుని, కాలు దూరంగా పెట్టుకుని, "నాకు ఈ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అధికారం ఇదే బావా" అనేవాడు.

ఆ రోజు మసక పడుతుండగా బస్టాపు దాటాక పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. పక్కకి తీసి ఆపాను. ఎలా ఆపాలో నేర్పేవాణ్ణి కదా, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కూర్చున్నాను.

"అయ్యో, మాస్టారూ! మీరా?"

నా శిష్యుడే. ఆరేళ్ళ కిందట నా దగ్గరే నేర్చుకున్నాడు. క్లచ్చి వదలాలంటే కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. ఇప్పుడు యూనిఫాంలో భుజాలు వెడల్పుగా కనిపిస్తున్నాయి.

"వెనక ఎడమవైపు లైటు వెలగట్లేదు మాస్టారూ. రేపు మార్పించుకోండి. వెళ్ళిరండి."

నాకు తల కొట్టేసినట్టయింది. కారు నెత్తిన నా డ్రైవింగు స్కూలు బోర్డు. బస్టాపులో నా ఇద్దరు విద్యార్థులు నిలబడి ఇటే చూస్తున్నారు. మాస్టారి కారుని పట్టుకున్నారు, తెలిసినవాడని వదిలేశారు అని రేపు పొద్దున్నకల్లా ఊరంతా చెప్పుకుంటారు. వదిలేశారు అన్న మాటే నన్ను పొడిచింది.

"వెళ్ళిరండి ఏమిటి? లైసెన్సు అడగవా? కాగితాలు అడగవా?" అని కారు దిగాను. "గురువని వదిలేస్తావా? నేను నేర్పింది ఇదేనా?"

వాడు నవ్వుతూనే కాగితాలు చూశాడు. లైటు గురించి ఒక చీటీ రాసి ఇచ్చాడు. "అయిపోయింది మాస్టారూ. సంతోషమేనా?"

అక్కడితో ఆగితే నేను రూళ్ళకర్రని ఎందుకవుతాను? బస్టాపు వాళ్ళకి వినబడేలా గొంతు పెంచాను. "వెనక సీట్లో సంచి ఉంది. అందులో ఏముందని అడగవా?"

"అడగనండి. లైటు కోసం ఆపితే కాగితాలు చూడ్డం వరకే మా పని. మూసిన సంచి ముట్టుకోవాలంటే గట్టి అనుమానం ఉండాలి, లేకపోతే సంచిగలాయన సరేననాలి. మాకూ రూల్సు ఉంటాయి మాస్టారూ."

"బావా, ఇక పదండి. అమ్మకి మందు వేళయింది," అన్నాడు బావమరిది కారులోంచి. గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

"ఏమిటోయ్, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నావు?" అని నేను నవ్వాను. సరసమాడుతున్నాననే అనుకున్నాను. "నిప్పుకి చెదలు పడుతుందా? చూడనీ."

"వద్దు బావా. అది నా సంచి."

"వద్దు మాస్టారూ," అన్నాడు శిష్యుడు కూడా.

ఇద్దరూ వద్దన్నారు. నేను వెనక తలుపు తీసి, సంచిని బయటికి లాగి, కారు బానెట్టు మీద పెట్టి జిప్పు తెరిచాను. అన్నం డబ్బా తీశాను. నీళ్ళ సీసా తీశాను. అడుగున చుట్టి పెట్టిన తువ్వాలు ఉంటే, దాన్ని కూడా పట్టుకుని బస్టాపు వైపు తిరిగి విదిలించాను.

చిన్న చిన్న గాజు సీసాలు బానెట్టు మీద పడి దొర్లాయి. ఆరు. మూతల మీద తెల్ల పట్టీ అంటించి ఉంది. ఒక్కొక్కదాంట్లో సగమో పావో మందు. పక్కన ఆసుపత్రి ముద్ర, ఎర్రక్షరాలు.

శిష్యుడు వాటిని చూశాడు, నన్ను చూశాడు. మళ్ళీ తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టేయమంటాడేమో అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ రోడ్డుకి అవతల లారీని ఆపి చూస్తున్న హెడ్డు కానిస్టేబులు అప్పటికే ఇటు నడిచి వస్తున్నాడు.

"ఏమిటవి?" అన్నాడు హెడ్డు.

బావమరిది కారు దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "నావేనండి," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, కోపం లేకుండా, ఏదో మరిచిపోయిన పని అప్పగిస్తున్నట్టు, "అక్కకి చెప్పండి బావా. ఇంట్లో అమ్మకి ఇంకేమీ లేవు," అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఇంటిదాకా పట్టింది.

మా ఆవిడ అంతా విని ఏడవలేదు. వంటింట్లో స్టూలు మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది. వార్డులో ఆ మందు రోగికి ఇచ్చాక మిగిలితే సింకులో పారబోయాలి. నొప్పి తెలియకుండా చేసే మత్తుమందు, తాళం వేసి, లెక్కగట్టి ఉంచేది. మిగిలిన ఆ సగాలనీ పావులనీ వాడు పారబోయకుండా తల్లికోసం తెచ్చేవాడు. రెండు నెలలుగా. నేను స్నానానికి వెళ్ళినప్పుడు సూది వేసేవాడు.

"నీకు మొదటినుంచీ తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"మీ అమ్మకి?"

"తెలుసు."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

ఆమె నా వైపు చూసిన చూపు ఎప్పటికీ మరిచిపోలేను. "చెబితే ఏం చేసేవారు మీరు?" అంది. "వాణ్ణి కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు. ఫారం ఏదీ అనేవారు. నా మొగుడి ముందు నా తల్లి మందుని దాచుకోవాల్సి వచ్చింది, చాలా?"

అత్తగారు మర్నాడు మధ్యాహ్నానికే మూలగడం మొదలుపెట్టింది. మూడోనాటికి మూలుగు కాదు, అరుపు. నన్ను చూసినప్పుడు మాత్రం పెదవి బిగబట్టేది. నేను గదిలోంచి వెళ్ళాక అరిచేది. ఆ మర్యాదని నేను భరించలేకపోయాను.

నాకు తెలిసింది ఒక్కటే, రూలు వెతకడం. ఆసుపత్రికి వెళ్ళి, కిటికీ కిటికీకీ తిరిగి అడిగాను. తగ్గని జబ్బుతో ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆ మందు ఇస్తారు. డాక్టరు సంతకం, ఆరోగ్యశాఖ ముద్ర, ఇంటి చిరునామా. ఒకే ఒక్క కాగితం. వార్డులో పనిచేసేవాడికి ఆ కాగితం ఉందని తెలియదు, ఎవరూ చెప్పలేదు. కాగితాల్లోనే పుట్టి పెరిగిన నన్నేమో ఎవరూ అడగలేదు. బావమరిది పట్టుబడ్డ ఆరో రోజున ఒక నర్సమ్మ మా ఇంటికి వచ్చి, పట్టపగలు, తలుపులు బార్లా తీసి ఉండగా అత్తగారికి సూది వేసి వెళ్ళింది.

అత్తగారు నిద్రపోయింది. మా ఆవిడ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి ఎన్నాళ్ళు పట్టింది?"

"మూడు రోజులు."

ఆమె కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది.

బావమరిది జామీను మీద బయటికొచ్చాడు. ఆసుపత్రివాళ్ళు ఉద్యోగం తీసేశారు. కేసు గట్టిగా ఉందని, రుజువైతే నాలుగేళ్ళ జైలు ఖాయమని అన్నారు. మేం పెట్టుకున్న ప్లీడరమ్మ బక్కపలచని మనిషి. ముక్కు చివర కళ్ళజోడు. బల్ల మీద దుమ్ము పట్టిన ఫైళ్ళ మధ్య మాకు చోటు చేసి, పోలీసు రిపోర్టు చదివి వినిపించింది. అందులో ఒక వాక్యం: 'కారు యజమాని తనంతట తానే సంచి తెరిచి చూపించెను.'

"ఇదండీ మన ప్రాణం తీసే వాక్యం," అంది. "లైటు వెలగలేదని ఆపిన బండిలో మూసిన సంచిని పోలీసు తెరిచినా, తెరవమని చెప్పినా, అది హద్దు దాటడమే. ఆ సీసాలు సాక్ష్యంగా చెల్లవు, కేసు పోతుంది. కానీ మీ అంతట మీరే తెరిస్తే ఎవరినేం అంటాం? చట్టం పోలీసు చేతికి హద్దు గీసింది గానీ బావగారి చేతికి గీయలేదు కదండీ."

బావమరిది తల వంచుకుని కూర్చున్నాడు. మా ఆవిడ ప్లీడరమ్మ వైపు చూడటంలేదు. నా వైపు చూస్తోంది.

"నేను మిమ్మల్ని అబద్ధం చెప్పమనను," అంది ప్లీడరమ్మ, కళ్ళజోడు తుడుచుకుంటూ. "జరిగిందే చెప్పండి. కాకపోతే ఏం జరిగిందో బాగా గుర్తు తెచ్చుకోండి."

ఇంటికొచ్చాక మా ఆవిడ నాకు అన్నం వడ్డించింది. ఆ నెలరోజుల్లో నా ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

"ఒక్కమాటండీ," అంది. "ఆ పోలీసే తెరవమన్నాడని ఒక్కమాట. మీరు ఇన్నేళ్ళలో నాకోసం ఏ రూలూ తప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు."

"ఆ కుర్రాడు వద్దన్నాడు. రెండుసార్లు చెప్పాడు."

"నా తమ్ముడూ వద్దన్నాడుగా," అంది ఆమె.

నేను కంచంలో చెయ్యి కడుక్కున్నాను.

కోర్టు గది చాలా చిన్నది. ఫ్యాను తిరుగుతుంటే కాగితాల మీద పెట్టిన రాళ్ళు కూడా కదులుతున్నట్టనిపించింది. సంచి సంగతి ముందు తేల్చుదాం, మిగతాది తర్వాత అన్నారు జడ్జిగారు. మొదట నన్ను పిలిచారు. నిజమే చెబుతానని ప్రమాణం చేశాను. శిష్యుడు గోడవార బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను బోనెక్కేటప్పుడు అలవాటు కొద్దీ లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

"సంచి తెరిచింది ఎవరు?" అని అడిగింది ప్లీడరమ్మ.

"నేనే."

"ఎందుకు తెరిచారు?"

ఎందుకు తెరిచానో నాకు బాగా తెలుసు. బస్టాపులో ఇద్దరు విద్యార్థులు చూస్తున్నారని తెరిచాను. మంచివాడిననిపించుకోవాలని తెరిచాను. ఆ సంగతి కోర్టులో చెప్పినా నమ్మేవాళ్ళుండరు.

"తెరవమన్నారండి," అన్నాను.

"ఎవరు?"

"ఆ కానిస్టేబుల్‌గారు."

వాణ్ణి గారు అనడం అదే మొదటిసారి. వాడి వైపు చూడలేదు. టైపిస్టు వేళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె ఆ మాట టైపు చేసి, తర్వాతి మాట కోసం ఆగింది.

నా తర్వాత వాణ్ణి పిలిచారు. ప్రభుత్వం తరఫు ప్లీడరు ధీమాగా లేచాడు. "ఈయన చెప్పింది విన్నారు కదా. సంచి తెరవమని మీరు అన్నారా?"

క్లచ్చి మీద కాలు పెట్టి ఆలోచించే రోజుల్లో ఎలా ఉండేవాడో, వాడు అలాగే ఉన్నాడు. నా వైపు చూశాడని తెలుస్తోంది గానీ నేను తల ఎత్తలేదు.

"అన్నానండి," అన్నాడు.

ప్లీడరు గబగబా రిపోర్టు తిరగేశాడు. "మరి రిపోర్టులో ఆయనే తనంతట తాను తెరిచాడని రాశారేం?"

"తప్పు రాశానండి."

హెడ్డు వెనక బల్ల మీద నుంచి లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. తను లారీ దగ్గర ఉన్నాడు కాబట్టి ఏమీ వినలేదు. జడ్జిగారు చాలాసేపు రాసుకున్నారు. సీసాలు చెల్లవన్నారు. కేసు కొట్టేశారు. కానిస్టేబుల్ మీద విచారణ జరపమని ఇంకో రెండు వాక్యాలు రాశారు. అంతా కలిపి గంట కూడా పట్టలేదు.

బయట మెట్ల మీద మా ఆవిడ తమ్ముణ్ణి కావలించుకుని అప్పుడు ఏడ్చింది. నా చెయ్యి కూడా పట్టుకుంది. నాకు సంతోషం వేయలేదంటే అబద్ధం. వేసింది. ఆ సంతోషం వేసినందుకే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

ఇంటికొస్తుంటే బావమరిది వెనక సీట్లో కూర్చున్నాడు. పక్కసీటు ఖాళీగా ఉంది.

"ఆ కానిస్టేబులు తెరవమని అనలేదు కదా బావా," అన్నాడు కాసేపటికి. "నేను పక్కనే ఉన్నాను."

"అనలేదు."

"మీరలా చెప్పకుండా ఉండాల్సిందని అనలేను. జైలుకి పోకుండా బయట కూర్చుని ఆ మాట ఎలా అంటాను?"

తర్వాత వాడు నన్ను ఆటపట్టించడం మానేశాడు. నేనే ఒకటి రెండుసార్లు కదిలించి చూశాను. నవ్వాడు గానీ జవాబివ్వలేదు. అత్తగారు మొదటి వాన పడకముందే, నొప్పి తెలియని నిద్రలోనే వెళ్ళిపోయింది. వాడు ఒక మందుల దుకాణంలో పనికి కుదిరి, వేరే గది తీసుకున్నాడు. ఇంట్లో ఇద్దరం మిగిలాం. మా ఆవిడ నాతో మామూలుగానే ఉంటుంది. ఇప్పుడు నా దగ్గర ఏదీ దాచదు. నాతో ఏదైనా చెప్పుకోవచ్చని ఆమెకి నమ్మకం కుదిరింది.

శిష్యుడి ఉద్యోగం తీసేశారని నాకు మూడోవాళ్ళ ద్వారా తెలిసింది. వెళ్ళాలని నాలుగు వారాలు అనుకుని, అయిదో వారం వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ముందు కూరగాయల వ్యాను ఆగి ఉంది. వాడు పాంటు మోకాళ్ళదాకా మడిచి, బకెట్టు పెట్టుకుని, చక్రాలు కడుగుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని వచ్చాడు.

"లోపలికి రండి మాస్టారూ."

"ఎందుకలా చెప్పావు?" అన్నాను. దారి పొడుగునా ఎన్నో మాటలు కూర్చుకున్నాను. అదొక్కటే వచ్చింది.

"మీరు చెప్పేశాక ఇంకేం చెప్పమంటారు? కాదంటే అబద్ధపు సాక్ష్యం కింద మిమ్మల్ని లోపలేసేవాళ్ళు."

"వేస్తే వేసేవాళ్ళు! అది నాకు తగినదే. ఇప్పుడైనా వెళ్ళి జడ్జిగారికి నిజం చెప్పేస్తాను."

"చెప్పకండి," అన్నాడు వాడు, గొంతు తగ్గించి. "చెబితే ముగ్గురం పోతాం. మీ బావమరిది కేసు మళ్ళీ తెరుస్తారు. మీరు జైలుకి వెళ్తారు. ప్రమాణం చేసి అబద్ధమాడానని నామీద ఇంకొకటి పెడతారు. ఇప్పుడు నేనొక్కణ్ణే కదా." తడి చేతిని చొక్కాకి తుడుచుకుంటూ అన్నాడు. "మీరు అలా చెబుతారని ముందే తెలిసుంటే రిపోర్టే అలా రాసేవాణ్ణి మాస్టారూ. మీకు బోనెక్కే పని తప్పేది."

తిడతాడని వెళ్ళాను. తిట్టించుకుని, తేలికపడి రావాలని వెళ్ళాను. వాడు నాకు అంతమాత్రం కూడా మిగల్చలేదు.

ఇంతలో వాళ్ళమ్మ లోపలినుంచి మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. చూపు ఆనదేమో, నా ముఖంలోకి వంగి చూసింది.

"డ్రైవింగు మాస్టారా? కూర్చోండి నాయనా. మావాడు అంతా చెప్పాడు. కోర్టులో మావాడి తరఫున మీరు ఎంతో గట్టిగా చెప్పారట కదా. అయినా వాళ్ళు వినిపించుకోలేదట. వాడి రాత అలా ఉంటే మీరు మాత్రం ఏం చేస్తారు?"

శిష్యుడు వ్యాను వైపు తిరిగి నిలబడ్డాడు.

"చెప్పారు కదూ, నాయనా?" అని ఆవిడ మళ్ళీ అడిగింది.

"చెప్పానమ్మా," అన్నాను. ఈసారి అలా చెప్పమని నన్ను ఎవరూ బతిమాలలేదు. ఆవిడ ఇచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు ఆవిడ చేతికే ఇచ్చి వచ్చాను.